అలిపిరిలో ఆగిన గ్రాండ్ టూరర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో బెంట్లీ కాంటినెంటల్ జిటి నాలుగో తరం కారు గురించి రాసిన తరువాత తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చినన్ని ఉత్తరాలు మరే ప్రాంతం నుంచీ రాలేదు. అందుకు కారణం ఆ ఉత్తరాల్లోనే తెలిసింది. శ్రీవారి దర్శనానికి వచ్చిన ఎవరిదో ఆ కారు ఒకటి అలిపిరి టోల్‌గేట్ దగ్గర సామాన్ల తనిఖీ కోసం ఆగినప్పుడు, వెనక బారులో ఉన్న వాహనాల్లోనివారు దిగి దాన్ని చుట్టూ తిరిగి చూశారట. ఆ రోజు అక్కడ మొదలైన వాదన ఇప్పటికీ తెగలేదట.

గత వ్యాసం చదవనివారి కోసం ముఖ్యమైన వివరాలు మళ్లీ ఇస్తున్నాను. 2024లో వెలువడిన ఈ కారు స్పీడ్ అనే రకంలో వి8, అంటే ఎనిమిది సిలిండర్ల, నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను, ఒక విద్యుత్ మోటారు కలిసి 782 పిఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తిని, 1,000 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, ఇస్తాయి. నిలబడిన చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని 3.2 సెకన్లలో అందుకుంటుంది. గరిష్ఠ వేగం గంటకు 335 కిలోమీటర్లు. బ్యాటరీ సామర్థ్యం 25.9 యూనిట్లు, కారు బరువు 2,459 కిలోలు. ఇద్దరు ముగ్గురు మనుషులు, వారి సామాన్లు, వందల కిలోమీటర్ల దూరం, ఈ మూడింటినీ అలసట లేకుండా, వేగంగా మోయగల కారును గ్రాండ్ టూరర్ అంటారు. ఇటలీ భాషలోని గ్రాన్ టురిస్మో (జిటి) అన్న మాటకు ఇది ఇంగ్లీషు రూపం. 1951 నాటి లాన్సియా ఆరేలియా బి20 మొదలు ఆ పేరు పెట్టుకున్న మంచి కార్లన్నీ ఈ లెక్కకే కట్టుబడ్డాయి. కింది జవాబుల్లో నేను పట్టుకున్న కొలబద్ద కూడా అదే.

ప్రశ్న: అయ్యా, మేము నలుగురం మిత్రులం. అలిపిరి దగ్గర ఆ కారును పది నిమిషాలపాటు చూశాం. పక్కకు రెండేసి గుండ్రటి లైట్లు ఉండటమే కాంటినెంటల్ జిటి ముఖానికి గుర్తు. ఇప్పుడు పక్కకు ఒక్కొక్క లైటే పెట్టి సంప్రదాయాన్ని చెరిపేశారని నేను, మరొక మిత్రుడు అంటున్నాం. మిగిలిన ఇద్దరు ఇదే అందంగా ఉందంటున్నారు. మీరు ఎటువైపు?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ మిత్రులిద్దరి వైపు. అయితే మీ బాధను తీసిపారేయను, ఎందుకంటే అందులో ఒక నిజం ఉంది. దాన్ని చివర్లో చెబుతాను.

మీరు సంప్రదాయం అంటున్న నాలుగు లైట్ల ముఖం ఈ కారుకు 2003లో మొదటి తరంతోనే వచ్చింది. ఆ కారు గీయడానికి ప్రేరణగా నిలిచిన పూర్వీకుడు 1952 నాటి ఆర్ టైప్ కాంటినెంటల్. ఎక్కువ వాటికి హెచ్.జె. మల్లినర్ సంస్థ బాడీ కట్టిన ఆ కార్లు మొత్తం 208 మాత్రమే తయారయ్యాయి. నలుగురు కూర్చుని గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పోగలగడం ఆ కాలానికి ఆశ్చర్యకరమైన సంగతి. దాని ముఖాన పెద్ద లైటు పక్కకు ఒక్కటే ఉండేది. కాబట్టి ఒంటి లైటు పెట్టినవారు సంప్రదాయాన్ని వదిలేయలేదు, ఇంకా వెనక ఉన్న సంప్రదాయానికి పోయారు. పైగా ఈ లైటు ఒక్కసారిగా ఊడిపడినది కాదు. 2022లో పద్దెనిమిది కార్లకే పరిమితం చేసి కట్టిన బటూర్ అనే కారు మీద ముందుగా ఈ ముఖాన్ని పరీక్షించి చూశారు.

ఇక చూపు విషయం. పాత ముఖంలో పెద్ద లైటు పక్కన చిన్న లైటు ఉండటం వల్ల కారు కళ్లు విప్పార్చి చూస్తున్నట్టు ఉండేది. కొత్త లైటు పైభాగాన్ని అడ్డంగా ఒక వెలుగు గీత కోస్తుంది. అది కనుబొమలా పనిచేస్తుంది. మనిషి ముఖంలో కన్ను మారకపోయినా కనుబొమ కాస్త కిందికి దిగితే చూపు ఎంత మారుతుందో మనకు తెలుసు. నటులు ముఖానికి రంగు వేసుకునేటప్పుడు కనుబొమ దగ్గర అంత శ్రద్ధ పెట్టేది అందుకే. ఆ అడ్డగీత వల్ల కారు వెడల్పుగా, నేలకు దగ్గరగా కనిపిస్తోంది. రెండున్నర టన్నులకు దగ్గరైన కారును బరువైనదిగా కనిపించనివ్వకపోవడం చిన్న విజయం కాదు.

కొత్త ముఖం మొదటి చూపులో నచ్చకపోవడం ఈ కారుకే ప్రత్యేకం కాదు. 2024లోనే వచ్చిన ఫెరారీ 12 సిలిండ్రి ముందు భాగంలో లైట్లను కలుపుతూ నల్లటి పట్టీ వేసినప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. 1968 నాటి 365 జిటిబి/4 డేటోనాను ఎరిగినవారికి ఆ పట్టీ ఎక్కడి నుంచి వచ్చిందో వెంటనే తెలిసింది. ఆ పట్టీ విషయంలో మాత్రం నా మనసు ఇంకా కుదుటపడలేదు. అది బాడీ ఆకారంలోంచి పుట్టిన గీతగా కాక, పైన అతికించిన గుర్తుగా కనిపిస్తుంది. బెంట్లీ లైటుకూ దానికీ తేడా అక్కడే ఉంది.

మీ బాధలో ఉన్న నిజం ఇది. రాత్రి హైవే మీద అద్దంలో నాలుగు వలయాలు కనిపిస్తే వెనక వచ్చేది ఏ కారో వెంటనే తెలిసేది. కొత్త లైటు ఎంత అందంగా ఉన్నా, దూరం నుంచి చూసేవారికి అది మరికొన్ని ఖరీదైన కార్ల లైట్లతో కలిసిపోతుంది. ఆ నష్టం నాకూ బాధగానే ఉంది.

ప్రశ్న: అయ్యా, నాది కలంకారీ పని. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద బెల్లం, తుప్పు ఇనుము పులియబెట్టిన నలుపుతో ఒకసారి గీసిన గీతను చెరపడానికి వీలుండదు. అందువల్ల గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చేయి కదలకముందే మనసులో ఉండాలి. కార్ల సంగతి నాకు పెద్దగా తెలియదు. మా అబ్బాయి చూపిన ఆ కారు ఫోటోలో పక్కభాగం మాత్రం ఒక్క చేత్తో గీసినట్టు కనిపించింది. అది నా భ్రమా, నిజమా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: భ్రమ కాదు. ఈ కారు అందమంతా పక్కభాగంలోనే ఉందని నా నమ్మకం. మీరు నేరుగా అక్కడికే వచ్చారు.

పక్క నుంచి చూస్తే రెండు గీతలే ముఖ్యంగా కనిపిస్తాయి. ఒకటి ముందు లైటు దగ్గర బయలుదేరి, ముందు చక్రం మీదుగా తలుపు వైపు పోతూ కొద్దికొద్దిగా కిందికి వాలుతుంది. అది పూర్తిగా సన్నగిల్లేలోపు రెండోది తలుపు మీద పుట్టి, వెనక చక్రం పైన తొడ కండరంలా ఉబ్బి, డిక్కీ అంచున ఆగుతుంది. మొదటి గీత ఆగిన చోటే రెండోది మొదలైతే అతుకు కనిపించేది. రెండూ తలుపు మీద కాసేపు కలిసి నడవడం వల్ల కన్ను ఎక్కడా ఆగకుండా జారిపోతుంది. ఈ రెండు గీతల పద్ధతి కూడా ఆర్ టైప్ కాంటినెంటల్ నుంచి వచ్చినదే.

గీతలు ఎంత బాగున్నా కొలతలు కుదరకపోతే ఫలితం ఉండదు. 2003 నాటి మొదటి తరంలో ఇంజను ముందు చక్రాల ఇరుసును దాటి ముందుకు ఉండేది. అందువల్ల ముక్కు బరువుగా, ముందు చక్రం తలుపుకు మరీ దగ్గరగా కనిపించేది. 2017లో మూడో తరం గీసినప్పుడు ముందు ఇరుసును 135 మిల్లీమీటర్లు ముందుకు జరిపారు. జానెడైనా లేని ఆ మార్పుతో తలుపుకూ ముందు చక్రానికీ మధ్య చోటు పెరిగి, బానెట్ పొడవై, కారు మొత్తం వెనక చక్రాల మీద ఆనుకుని ముందుకు దూకబోతున్నట్టు మారింది. నాలుగో తరం ఆ ఎముకల గూటినే ఉంచుకుంది. పక్కభాగపు అల్యూమినియం రేకును సుమారు 500 డిగ్రీల దాకా వేడి చేసి, మెత్తబడిన దశలో అచ్చుకు ఒత్తుతారు. మామూలు ప్రెస్సులో కొడితే చిరిగిపోయేంత పదునైన మడత కూడా ఆ పద్ధతిలో నిలుస్తుంది.

ఈ మాటలన్నీ చదవడం కంటే చూపు ఎలా పెట్టాలో తెలియడం మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆ విద్య నాకు పుస్తకాల్లో దొరకలేదు. రేణిగుంట రోడ్డులో ఒక టింకరింగ్ షెడ్డులో పనిచేసే పెద్దాయన నేర్పారు. ఆయన సొట్ట తీసిన రేకును కంటితో చూసి వదిలేసేవారు కాదు. కళ్లు మూసుకుని అరచేతిని దాని మీద ముందుకూ వెనక్కూ నడిపేవారు. తరువాత షెడ్డులోని ట్యూబ్‌లైటు ప్రతిబింబం రేకు మీద కనిపించే చోట నిలబడి, తల మెల్లగా పక్కకు కదిపేవారు. రేకు సరిగ్గా ఉంటే ఆ తెల్లటి గీత నీళ్లు జారినట్టు జారుతుంది. ఎక్కడైనా వెంట్రుక మందం తేడా ఉన్నా అక్కడ ఒక్క క్షణం వణుకుతుంది. మీ అబ్బాయిని ఈసారి ఏ కారు దగ్గరైనా అలా నిలబడి చూడమనండి. ఈ కారు వెనక చక్రం మీది ఉబ్బు దగ్గర ఆ వెలుగు గీత ముందు సన్నగా వచ్చి, పైకెక్కుతూ వెడల్పై, మళ్లీ సన్నబడి పోతుంది. ఎక్కడా వణకదు.

ప్రశ్న: సార్, నేను ఇరవై ఏళ్లకు పైగా లారీ నడుపుతున్నాను. మొగిలి ఘాట్‌లో లోడుతో దిగేటప్పుడు బ్రేకులు కాలిన వాసన వస్తే గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు. కారుకు రెండున్నర టన్నుల బరువేమిటి? అంత బరువున్న బండికి 3.2 సెకన్ల పికప్ ఎలా సాధ్యం? వేగం ఎక్కించినంత సులువుగా ఆపగలరా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాలన్నింటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న ఇది.

ముందు పికప్ సంగతి. 3.2 సెకన్లలో 100 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే సగటున భూమ్యాకర్షణలో దాదాపు 90 శాతం బలంతో కారు ముందుకు దూకాలి. ఇంత బరువైన కారులో పెట్రోలు ఇంజను ఒక్కదానికి అది కష్టమైన పని. ఇంజనులోకి గాలిని నెట్టే టర్బోలు ఊపందుకోవడానికి కొంత సమయం కావాలి. ఆ లోటును ఇంజనుకూ ఎనిమిది గేర్ల పెట్టెకూ మధ్య కూర్చోబెట్టిన విద్యుత్ మోటారు పూడుస్తుంది. దాని 450 న్యూటన్ మీటర్ల టార్క్ మొదటి క్షణం నుంచే అందుతుంది. రెండోది పట్టు. ఈ కారులో నాలుగు చక్రాలూ తోస్తాయి. టైరు రోడ్డును పట్టుకునే బలం ఆ టైరు మీద పడే బరువుతోపాటు పెరుగుతుంది కాబట్టి, నాలుగు చక్రాలూ తోసే బండికి బయలుదేరే క్షణంలో బరువు మనం భయపడినంత ఆటంకం కాదు. లోడు లేని లారీ వెనక చక్రాలు తడి రోడ్డు మీద తేలిగ్గా జారడం, లోడుంటే పట్టుకుని లాగడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ పనిచేసేదీ అదే సూత్రం.

ఆపడం దగ్గరికి వచ్చేసరికి మీ భయం న్యాయమైనది. కదిలే బండిలో ఉన్న శక్తి దాని బరువుతోపాటు పెరుగుతుంది, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. ఈ కారు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగిన ప్రతిసారీ, మన ఎండాకాలపు కుళాయి నీళ్లు మూడు లీటర్లకు పైగా మరిగించేంత వేడి పుడుతుంది. అదంతా కొన్ని సెకన్లలోనే. అందుకే అదనపు ఖరీదుకు దొరికే కార్బన్ సిరామిక్ బ్రేకుల్లో ముందు డిస్కుల వ్యాసాన్ని 440 మిల్లీమీటర్లు చేశారు. చిన్న కారు చక్రమే పట్టనంత డిస్కు అది. దానికి తోడు, డ్రైవరు కాలు మెల్లగా వేసినప్పుడు విద్యుత్ మోటారు డైనమోలా మారి వేగాన్ని తగ్గిస్తూ ఆ శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది కాబట్టి, డిస్కుల మీద భారం కొంత తగ్గుతుంది.

సాంకేతికంగా ఇదంతా మెచ్చుకోదగినదే. అయినా బరువు మీద నా అభ్యంతరం అలాగే ఉంది. మునుపటి తరం స్పీడ్ కారు కంటే ఇది సుమారు 200 కిలోలు పెరిగింది. 3.6 సెకన్లు 3.2 అయ్యాయి. ఆ సెకనులో నాలుగు పదో వంతులు దూరప్రయాణంలో ఎవరికీ అందవు. ఆ రెండు వందల కిలోలు మాత్రం ప్రతి మలుపులోనూ, ప్రతి బ్రేకులోనూ, ప్రతి టైరు అరుగుదలలోనూ వెంట వస్తాయి. ఒక్క మేలు గురించి న్యాయంగా చెప్పాలి. బ్యాటరీని వెనక ఇరుసు వెనుక పెట్టడం వల్ల ముందువైపు మొగ్గే పాత లోపం పోయి, బరువు ముందు 49, వెనక 51 పాళ్లుగా పంచుకుపోయింది. అందువల్ల మలుపు తిరిగేటప్పుడు ముక్కు బయటికి జారాలనే తొందర తగ్గింది. బరువు మీద బెంట్లీ వారికీ ఆలోచన కలిగినట్టే ఉంది. మోటారు, బ్యాటరీ తీసేసి, వెనక చక్రాలు మాత్రమే తోసేలా, రెండు టన్నుల లోపు బరువుతో, 666 పిఎస్ శక్తితో సూపర్‌స్పోర్ట్స్ అనే రకాన్ని 2025 నవంబరులో ప్రకటించారు. నాకు మనసు పోయేది దాని మీదికే.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఆస్టన్ మార్టిన్ డిబి12 శక్తి 680 పిఎస్ మాత్రమే, కానీ అది చాలా తేలిక. టన్నుకు ఇంత శక్తి అని లెక్క వేస్తే అదే ముందుండాలి. మరి 100 కిలోమీటర్లకు బెంట్లీయే ముందు ఎందుకు చేరుతోంది? రెంటిలో మంచి గ్రాండ్ టూరర్ ఏది?
— ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ లెక్క సరైనదే, దాన్ని వర్తింపజేసిన చోటు మాత్రమే సరైనది కాదు. నిలబడిన చోటు నుంచి బయలుదేరేటప్పుడు కారు వేగాన్ని నిర్ణయించేది ఇంజను శక్తి కాదు, టైర్ల పట్టు. డిబి12లో వెనక రెండు చక్రాలే తోస్తాయి కాబట్టి మొదటి రెండు సెకన్లపాటు దాని శక్తినంతా రోడ్డుకు దించడం కుదరదు. అందుకే దానికి 3.6 సెకన్లు పడుతుంది. వేగం పెరిగిన కొద్దీ పట్టు సమస్య తగ్గి, టన్నుకు ఇంత శక్తి అన్న మీ లెక్కకు బలం వస్తుంది.

రెండో ప్రశ్నకు జవాబు మీరు వెళ్లే దారిని బట్టి ఉంటుంది. భాకరాపేట ఘాట్‌లో ఒంటరిగా, స్టీరింగ్ చేతికి చెప్పే కబురు వింటూ నడపాలంటే నేను డిబి12 తాళం తీసుకుంటాను. తిరుపతి నుంచి తెల్లవారుజామున బయలుదేరి హైదరాబాదు చేరి, అదే రోజు మధ్యాహ్నం నడుము నొప్పి లేకుండా పనిలో కూర్చోవాలంటే బెంట్లీ తీసుకుంటాను. గ్రాండ్ టూరర్ అన్న మాటకు రెండోదే దగ్గర. ఆకారం విషయంలో కూడా డిబి12 పరుగుపందెపు వీరుడిలా బిగుసుకుని ఉంటుంది, బెంట్లీ దూరం నడవబోయే మనిషిలా కుదురుగా నిలబడుతుంది.

ప్రశ్న: పన్నెండు సిలిండర్ల ఇంజను తీసేసి ఎనిమిది సిలిండర్లది పెట్టడం అన్యాయం కాదా? శబ్దం ఎలా ఉంటుంది?
— ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: డబ్ల్యు12 అనే ఆ ఆరు లీటర్ల ఇంజను 2003 నుంచి 2024 వరకు ఈ కారు గుండెగా ఉంది, లక్షకు పైగా తయారయ్యాయి. సిలిండర్లను నాలుగు వరుసలుగా ఇరికించి పొట్టిగా కట్టడం దాని ప్రత్యేకత. నున్నగా తిరగడంలో దానికి సాటి తక్కువ. శబ్దంలో మాత్రం అది ఎన్నడూ మహాగొప్పది కాదని, గొంతు నొక్కినట్టు ఉండేదని నా అభిప్రాయం. వి8 గొంతు లోతైనది, లయ తెలిసేది. విద్యుత్తుతో నడిచేటప్పుడు ఏ శబ్దమూ ఉండదు, గంటకు 140 కిలోమీటర్ల వరకు అలా పోగలదు. తెల్లవారుజామున వీధిలో ఎవరినీ నిద్ర లేపకుండా బయలుదేరడం కూడా మర్యాదలో భాగమే అనుకుంటే, ఈ మార్పులో అన్యాయం కనిపించదు.

ప్రశ్న: ఆ రోజు అలిపిరి దగ్గర వెనక సీటులోంచి ఒక పెద్దావిడ దిగడం నేను చూశాను. ముందు సీటు వంచి, ఒకరు చేయి పట్టుకుంటే తప్ప ఆమె దిగలేకపోయారు. మా అత్తగారికి ఘాట్ రోడ్డంటే కడుపులో తిప్పుతుంది. ఇలాంటి కారులో పెద్దవారిని తీసుకెళ్లవచ్చా?
— ఒక గృహిణి, మదనపల్లె

జవాబు: మీరు చూసినది నిజం. రెండు తలుపుల కారులో ఆ ఇబ్బంది తప్పదు. పైకప్పు వెనక్కి వాలడం వల్లనే పక్కభాగానికి ఆ అందం వచ్చింది. దాని మూల్యాన్ని వెనక కూర్చున్నవారు చెల్లిస్తారు. పొట్టివారికి, పిల్లలకు వెనక సీటు హాయిగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని ముందు కూర్చోబెట్టడమే మంచిది.

కడుపులో తిప్పడం విషయంలో ఈ కారు సాయపడుతుంది. మలుపులో కారు ఒక పక్కకు ఒరగకుండా 48 వోల్టుల మోటార్లు చక్రాల మధ్య కడ్డీలను ఎదురు తిప్పి పట్టుకుంటాయి. వెనక చక్రాలు కూడా కొద్దిగా తిరగడం వల్ల కొండ మలుపుల్లో స్టీరింగ్ తక్కువ తిప్పితే చాలు. ఊగడం తగ్గితే వికారమూ తగ్గుతుంది. సామాన్ల సంగతి మాత్రం ముందే ఆలోచించుకోవాలి: మునుపు 358 లీటర్లున్న డిక్కీ, బ్యాటరీ వచ్చి కూర్చోవడంతో 260 లీటర్లకు తగ్గింది. దూరప్రయాణపు కారుకు ఇది నిజమైన లోపం. దీన్ని పొగడ్తల మధ్య దాచడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: తిరుమల కొండ ఎక్కడానికి ఇరవై ఎనిమిది నిమిషాల కంటే తక్కువ, దిగడానికి నలభై నిమిషాల కంటే తక్కువ పడితే జరిమానా వేస్తారు. మన దేశంలో 335 కిలోమీటర్ల వేగంతో ఎక్కడ పోవాలి? ఆ అంకెకు అర్థమేమిటి?
— ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: ఎక్కడా పోకూడదు. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్‌వే మీద 120 కిలోమీటర్లు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ పరిమితులు. చిత్తూరు జిల్లా మీదుగా వెళ్లే సుమారు 260 కిలోమీటర్ల బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వేను కూడా 120 కిలోమీటర్ల వేగానికే రూపొందించారు.

అయితే ఆ అంకెకు వేరే అర్థం ఒకటి ఉంది. 335 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకునేలా కట్టిన కారుకు టైర్లు, బ్రేకులు, రేడియేటర్లు, బాడీ మీదుగా గాలి పోయే తీరు అన్నీ ఆ మేరకు కుదిరి ఉండాలి. అలాంటి కారు 100 మీద నడుస్తున్నప్పుడు తన బలంలో చిన్న భాగమే వాడుతుంది. పూతలపట్టు దాటాక ముందున్న లారీని దాటవలసి వస్తే గేరు తగ్గించి, ఇంజను అరిపించవలసిన పని ఉండదు. 1,000 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న బండి కాలు కొంచెం ఆనిస్తే చాలు, నాలుగైదు సెకన్లలో దాటి తన వరుసలోకి వచ్చేస్తుంది. ఎదురుగా ప్రమాదం ఉండే చోట గడిపే కాలం తగ్గుతుంది. గ్రాండ్ టూరర్‌లో సత్తా అంటే నేను దీన్నే లెక్కిస్తాను. ఘాట్ రోడ్డు నిబంధన పూర్తిగా న్యాయమైనది. దిగే దారిలో ముప్పై ఆరు మలుపులున్నాయి. అక్కడ 782 పిఎస్ కారుకూ, భక్తులతో నిండిన బస్సుకూ ఒకే వేగం ఉండటమే సబబు.

ప్రశ్న: ఇలాంటి కార్లు మన దేశానికి వచ్చేసరికి ధర రెండింతలు దాటుతుందంటారు. నిజమా?
— ఒక పాఠకుడు, నగరి

జవాబు: నిజం. 2025 బడ్జెట్ ప్రకారం నలభై వేల డాలర్ల పైబడిన పూర్తి తయారీ కారు దిగుమతి మీద 70 శాతం కస్టమ్స్ సుంకం, 40 శాతం వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు కలిసి 110 శాతం పడేలా నిర్ణయించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల జీఎస్టీ 40 శాతం. రేవుకు చేరేసరికి కోటి రూపాయలైన కారు సుంకాలతో రెండు కోట్ల పది లక్షలు, జీఎస్టీతో రెండు కోట్ల తొంభై నాలుగు లక్షలు అవుతుంది. రాష్ట్రపు జీవితకాల పన్ను, బీమా ఆ తరువాత. డిబి12 ఇక్కడికి వచ్చినప్పుడు, అంటే 2023లో, షోరూమ్ ధర 4.59 కోట్లతో మొదలైంది.

ప్రశ్న: నేను కరకంబాడి దగ్గర బ్యాటరీల పరిశ్రమలో పనిచేస్తున్నాను. ఒక్క చిన్న సందేహం. తిరుమల నుంచి దిగేటప్పుడు ఈ కారు బ్యాటరీలోకి నిజంగా ఎంత విద్యుత్తు చేరుతుంది?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: లెక్క వేసి చూద్దాం. తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. ఇద్దరు మనుషులతో కలిపి కారు బరువు 2,600 కిలోలనుకుంటే, ఆ ఎత్తు దిగడంలో విడుదలయ్యే శక్తి సుమారు 5 యూనిట్లు. సుమారు 19 కిలోమీటర్ల దారిలో టైర్లు రోడ్డుతో ఒరుసుకోవడానికి అందులో ఒకటిన్నర యూనిట్లు పోతాయి. మోటారు, తీగలు, బ్యాటరీ, మలుపుల దగ్గర గట్టిగా నొక్కిన బ్రేకులు తమ వంతు తీసుకున్నాక, బ్యాటరీకి రెండు యూనిట్లు లేదా అంతకంటే కాస్త ఎక్కువ చేరవచ్చు. నలభై నిమిషాల నిబంధన ఇక్కడ మేలు చేస్తుంది. మెల్లగా దిగితే గాలికి పోయే శక్తి చాలా తక్కువ, మోటారు తానే వేగాన్ని పట్టి ఉంచగలదు, డిస్కులు వేడెక్కవు. కొండపైన బ్యాటరీ నిండుగా ఉంటే మాత్రం చేరడానికి చోటు ఉండదు కాబట్టి ఎక్కేటప్పుడే కొంత విద్యుత్తు వాడుకోవాలి.

తయారీదారు లెక్కలో ఈ కారు ఒక్క చార్జింగుతో 81 కిలోమీటర్లు పోతుంది. ఆ చొప్పున చూస్తే, దిగేటప్పుడు కొండ ఇచ్చిన విద్యుత్తుతోనే అలిపిరి నుంచి ఆరేడు కిలోమీటర్లు పెట్రోలు చుక్క వాడకుండా పోవచ్చు.